పది ఉంచాలా, పదకొండుకు పోవాలా?

మదనపల్లెలో ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా పని. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా పోయి వస్తుంటాను. ఇదివరకు "స్క్రీన్ పగిలింది నా", "చార్జింగ్ ఎక్కడంలే నా" అంటూ వచ్చేవాళ్లు. 2025 అక్టోబర్ 14 నుంచి ఏ జబ్బూ లేని ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని వస్తున్నారు. విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని తెర మీద నోటీసు పడింది. ఇంక ఇది పనికిరాదా, పదకొండు వేయించాలా, కొత్తది కొనాలా అని అడుగుతారు.

పనికొస్తుంది. ఆ తేదీతో విండోస్ 10 ఆగిపోలేదు, దానికి మైక్రోసాఫ్ట్ అడక్కుండానే అందరికీ పంపుతున్న మరమ్మతులు ఆగాయి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కోట్ల వరుసల కోడ్. దొంగలు దూరే సందులు అందులో ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చే ప్యాచ్‌లు ప్రతినెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. సపోర్టు అయిపోయిందంటే సందులు బయటపడటం ఆగదు, పూడ్చేవాళ్లే ఉండరు. అందుకే పాతదా కొత్తదా అన్నది నాకు పెద్ద లెక్క కాదు. ప్యాచ్ వస్తోందా, ఎప్పటిదాకా వస్తుంది, ఈ మెషిన్ మీద నీకున్న పనేంది? ముందు ఇవి తేలాలి.

దీనికి సాక్ష్యం మా పాత జిల్లాలోనే ఉంది. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ కడితేనే తీస్తామని బెదిరించే రకం. రెండు మూడు రోజుల్లో 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కాయి. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, వాటిలో చిత్తూరు ఒకటి. అప్పటికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు జిల్లాలోవే.

పాత విండోస్ ఎక్స్‌పీ పట్టుకుని వేలాడినందుకే ఇట్లా అయిందని అప్పట్లో చాలామంది అనేశారు. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8నే ముగిసిన మాట నిజమే. కానీ ప్రపంచం మొత్తం మీద దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 మెషిన్లు. దానికి అప్పుడు సపోర్టు ఉంది, 2020 జనవరి 14 దాకా ఉండింది కూడా. ఆ దాడి దూరిన సందును పూడ్చే ప్యాచ్ 2017 మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లకు ఫైళ్లు పోయాయి.

ఎందుకు వేసుకోరంటే, అది మా వృత్తిలోని గుట్టు. చిన్న ఊళ్లలో దొంగ విండోస్ ఎక్కించి, అప్‌డేట్లు ఆపేసి ఇచ్చే అంగళ్లు తక్కువేం లేవు. డేటా అయిపోతుందంటారు, మెషిన్ నిదానమవుతుందంటారు. అసలు భయం, దొంగ కాపీ అని తెర మీద పడుతుందని. అట్లాంటి పదకొండు కన్నా ప్యాచ్‌లు పడుతున్న పది నూరుపాళ్లు మేలు.

పదకొండుకు పోగలమా లేదా అన్నది మన చేతిలో సగమే. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేక ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. ల్యాప్‌టాప్ మీది స్టిక్కర్‌లో ఐ5 అని మాత్రమే ఉంటే చాలదు, సెట్టింగ్స్‌లో పూర్తి నంబరు చూడాలి. ఐ5-7200 అంటే ఏడో తరం, ఐ5-8250 అంటే ఎనిమిదో తరం. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు నుంచి మా వైపు వచ్చే, కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లలో ఇదే పెద్ద చిక్కు. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానిలో ఆరో తరమో ఏడో తరమో ఉంటుంది, రెండోదానిలో ఎక్కువగా ఎనిమిదో తరం. ఒకటి పదకొండుకు అర్హం, ఇంకొకటి కాదు. ఇంకో సంగతి: టీపీఎం లేదని వచ్చినంత మాత్రాన ఆశ వదులుకోవద్దు. చాలా మెషిన్లలో అది ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది.

మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడిపే ఒకాయన మెషిన్ అన్ని పరీక్షలూ నెగ్గింది. అయినా పదకొండు వేయలేదు. రోజంతా లోడ్లు దిగుతుంటే, రైతులు బిల్లు కోసం నిలబడుంటే, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒక్క గంట మొరాయించినా గొడవైపోతుంది. పాత ప్రింటర్లకు కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరక్కపోవడం మామూలే. "సీజన్ తగ్గినాక చేద్దాం సార్" అన్నాను. అందాకా ఎట్లా నడుస్తుందో కింద చెప్తాను.

పుంగనూరులో పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే అంగడిది వేరే కథ. వాళ్ల చేయి పేజ్‌మేకర్‌కూ అను ఫాంట్లకూ అలవాటు పడిపోయింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత అడోబ్ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది, దీన్ని అక్కడే వదిలేసింది. ఇన్నేళ్ల పత్రికల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. అది నడిచే విండోస్ 7 మెషిన్‌ను మార్చమని నేనెందుకు చెప్పాలి? చిక్కు ఎక్కడంటే, అదే మెషిన్ మీద పాన్ కార్డు దరఖాస్తులు, పిల్లల అడ్మిషన్లు, జనం బ్యాంకు పనులూ చేస్తున్నారు. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ 2023లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఊరందరి ఆధార్ నంబర్లు దాని మీద కొట్టడం నాకైతే ఒప్పుకోదగ్గ పని కాదు. నెట్ వైరు పీకేసి ఆ మెషిన్‌ను కంపోజింగ్‌కే ఉంచమన్నాను. ఆన్‌లైన్ పనులకు ఇంకొక ల్యాప్‌టాప్ తీసుకున్నారు. నెట్ లేకున్నా పెన్‌డ్రైవ్ ద్వారా వైరస్ దూరుతుంది గనుక, గిరాకీ తెచ్చే పెన్‌డ్రైవ్ ముందు కొత్త మెషిన్‌లో పెట్టి స్కాన్ చేయాలన్నది షరతు. అంగడి నడిపే అక్క ఒప్పుకుంది గానీ, ముహూర్తాల నెలల్లో ఎంతవరకు పాటిస్తుందో చూడాలి.

కుప్పానికి కంప్యూటర్ కొత్త కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు తెరిచాయి. ఆ కాలంలో మొదటిసారి మౌస్ పట్టుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లలకు ల్యాప్‌టాప్‌లు కొనిస్తున్నారు. అట్లాంటి ఒక తండ్రి, ఇంజనీరింగ్ చదివే కూతురి ల్యాప్‌టాప్ నా ముందర పెట్టాడు. ఏడో తరం, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్‌డిస్క్.

"కొత్తది కొనాల్నా నా?"

"ఇప్పుడే వద్దు సార్. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేద్దాం, ర్యామ్ 8 చేద్దాం."

విండోస్ నిదానంగా ఉందనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రెండిటితోనే తీరిపోతాయి. ఇక ప్యాచ్‌ల సంగతి. విండోస్ 10కి భద్రతా ప్యాచ్‌లను ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, కోరినవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇస్తోంది. విండోస్ 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌ను ఆ ఖాతాకు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని లింకు ఉంటుంది. ఎంతోమంది దాన్ని చూడకుండానే దాటేస్తారు. మండీ ఆయనకు సీజన్ గడిచేది దీనితోనే.

యూట్యూబ్ చూసి, అర్హత లేని మెషిన్‌లోకి అడ్డదారిన పదకొండు ఎక్కించమని అడిగే కుర్రాళ్లూ ఉన్నారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. అయితే అట్లాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ప్యాచ్ కోసమే కదా ఈ తంటా అంతా, అదే ఖాయం కానప్పుడు ఎందుకు? కుప్పం అమ్మాయికి మాత్రం ఆ ప్యాచ్‌ల గడువు తీరాక లినక్స్ మింట్ వేసుకోమని చెప్పాను. సీ, పైథాన్ నేర్చుకునేదానికి అది హాయిగా సరిపోతుంది. ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ కొన్ని విండోసే కావాలంటాయి, అది కాలేజీలో అడిగి తేల్చుకోమన్నాను. "లినక్స్‌కు ఎంతవుతాది నా?" అన్నాడు తండ్రి. ఊరికే వస్తుందంటే నమ్మలేదు.

అర్హత ఉండి పదకొండుకు పోయేవాళ్లు ముందు ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి. పది అసలుదైతే పదకొండు ఉచితమే. కొత్త విండోస్ కొన్ని మెషిన్లలో మనల్ని అడక్కుండానే డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేస్తుంది. దాని రికవరీ కీ 48 అంకెలు, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయి, కీ కూడా లేకపోతే డిస్క్‌లో ఉన్నవి నేను కాదు, ఎవరూ తీయలేరు. పదకొండు నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచే వెనక్కి పోవచ్చు. అందుకే వేయించుకున్న వారంలోనే ప్రింటర్, స్కానర్, వేలిముద్రల మెషిన్, లెక్కల సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకసారి నడిపి చూడండి. గడువు దాటితే పాత విండోస్ ఫైళ్లను కొత్తదే తుడిచేస్తుంది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చినా పదిని మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాల్సిందే.