అరచేతి చెమటకు వగరు వైద్యం

పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చేతికి రాగానే కొందరు విద్యార్థులు ముందుగా జేబురుమాలు తీసి చేతి కింద పరచుకుంటారు. లేకపోతే రాసిన అక్షరం రాసినట్టే అలుక్కుపోతుంది. వారి చెయ్యి వేసవిలోనే కాదు, పుష్యమాసపు చలిలోనూ చెమ్మగిల్లుతుంది. మగ్గం ముందు కూర్చున్న నేతగానికి చెమట తగిలి జరీ మెరుపు తగ్గుతుందేమోనన్న బెంగ. పెళ్లిపీటల మీద పాణిగ్రహణం వేళ వరుడికి చెప్పుకోలేని సంకోచం. ఇటీవలి కాలంలో రేషన్ దుకాణంలోని వేలిముద్ర యంత్రం కూడా తడి వేలిని సరిగా గుర్తించక ఈ అవస్థకు మరొకటి జోడించింది.

ఇది పిరికితనం కాదు, అపరిశుభ్రత అంతకన్నా కాదు. వైద్యులు దీనిని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. మనం అతిస్వేదం అనుకోవచ్చు. అమెరికాలో 2004లో ప్రచురితమైన ఒక సర్వే ప్రకారం ఆ దేశ జనాభాలో నూటికి దాదాపు 2.8 మంది దీనితో బాధపడుతున్నారు. వారిలో చాలామంది ఆ సంగతి ఏ వైద్యునితోనూ చెప్పుకోలేదు. సిగ్గు విషయంలో దేశాల మధ్య పెద్ద తేడా లేదన్నమాట.

మనిషి చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు ఉంటాయి. ఒళ్లు వేడెక్కినప్పుడు చెమట పట్టించి, ఆ చెమట ఆవిరి కావడం ద్వారా శరీరాన్ని చల్లబరచడం వాటి పని. అయితే అరచేతులలోనూ అరికాళ్లలోనూ దట్టంగా ఉండే గ్రంథుల తీరు వేరు. అవి ఎండకంటె మనసుకు ఎక్కువగా లొంగుతాయి. భయం, తొందర, ఉద్వేగం కలిగినప్పుడు సహానుభూత నాడుల కొసల నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి వాటిని మేల్కొలుపుతుంది. అతిస్వేదం ఉన్నవారిలో గ్రంథులు సాధారణమైనవే. వాటికి అందే ఆజ్ఞలే మితిమీరి ఉంటాయి. ఈ లక్షణం తరచు బాల్యంలోనో యౌవనారంభంలోనో మొదలవుతుంది, రెండు చేతులకూ సమానంగా ఉంటుంది, కుటుంబంలో మరొకరికీ కనిపిస్తుంది. మరొక గుర్తు ఉంది: నిద్రపోగానే చెయ్యి ఆరిపోతుంది.

దీనికి ఇళ్లలో చేసుకునే చికిత్సలలో ముఖ్యమైనవి రెండు. రెండింటి గుణమూ ఒక్కటే, వగరు. జామపిందె కొరికినప్పుడు నాలుక బిగుసుకుపోవడం అందరికీ అనుభవమే. పిందెలోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులతో కలిసి వాటిని గడ్డకట్టించడమే దానికి కారణం. తంగేడు చెక్క, కరక్కాయ పచ్చితోలును గట్టి తోలుగా మార్చేది కూడా ఈ టానిన్ల బలంతోనే. తేయాకులో అవి సమృద్ధిగా ఉన్నాయి. టీ డికాషన్‌లో నానిన చర్మం పైపొర కొద్దిగా బిగిసి, స్వేదనాళాల ముఖద్వారాలు కుంచించుకుంటాయి.

లీటరు నీటిలో నాలుగైదు చెంచాల టీ పొడి వేసి పది నిమిషాలు మరగబెట్టాలి. వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక వెడల్పాటి పళ్లెంలో పోసి అరచేతులను ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచాలి. పాలు, చక్కెర కలపరాదు. (మన దేశంలో టీ అనగానే ఆ రెండూ ఉన్నట్టే కనుక ఈ హెచ్చరిక.) పాలు కలిస్తే అందులోని మాంసకృత్తులు టానిన్లను ముందే పట్టేసుకుంటాయి, చేతికి మిగిలేది కొంచెమే. వారం పది రోజులు ప్రతిదినమూ చేసి, ఫలితం కనిపిస్తే తరువాత వారానికి రెండు మూడుసార్లు చాలు. చర్మానికి కాస్త గోధుమరంగు అంటవచ్చు. ఈ చికిత్సకు చిరకాల వాడుక ఉన్నదే గాని పెద్ద పరిశోధనల బలం లేదు. చెమట స్వల్పంగా పట్టేవారికి ఉపశమనం కలగవచ్చు; చేతినుంచి బొట్లు బొట్లుగా కారేవారికి చాలదు.

రెండవది పటిక. గడ్డం గీయించుకున్నాక క్షౌరశాలలో చెంపలకు రుద్దే ఆ తెల్లని స్ఫటికం పొటాషియం, అల్యూమినియంల గంధకిత లవణం. పటిక నీటితో పాదాలు, చంకలు కడుక్కుంటే దుర్వాసన కలిగించే సూక్ష్మజీవులు తగ్గుతాయి, చెమట కూడా కొంత అదుపులోకి వస్తుంది. పటికకు దగ్గరి బంధువైన అల్యూమినియం క్లోరైడ్ అంతకంటె శక్తిమంతమైనది. ఈ లవణాలు స్వేదనాళం మొదట్లో మాంసకృత్తులతో చేరి చిన్న బిరడాలా ఏర్పడతాయి. చర్మం కొత్తపొర వేసుకునేకొద్దీ బిరడా ఊడిపోతుంది కనుక మందు మళ్లీ మళ్లీ రాయవలసిందే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. స్నానం చేసి, తడి ఆరకముందే, బయటికి వెళ్లే తొందరలో మందు రాస్తారు. అప్పుడే చెమట కూడా ఊరుతూ ఉంటుంది. బిరడా కట్టకముందే మందు కొట్టుకుపోతుంది. పైగా తడిలో అల్యూమినియం క్లోరైడ్ నుంచి ఆమ్లం పుట్టి చర్మం మండుతుంది. అమెరికన్ చర్మవైద్యులు షెల్లీ, హర్లీ 1975లో చూపిన పద్ధతి దీనికి విరుద్ధమైనది: ఆల్కహాలులో కరిగించిన అల్యూమినియం క్లోరైడ్‌ను రాత్రి పడుకోబోయే ముందు, పొడి చర్మానికి రాసి, ఉదయం కడిగివేయడం. నిద్రలో చెమట పట్టదు కనుక మందుకు పని చేసే వ్యవధి దొరుకుతుంది. పటికకైనా, దుకాణంలో కొన్న మందుకైనా ఇదే వేళ అనువైనది. అప్పుడే గీసిన చంకకూ, పుండుకూ, పగిలిన చర్మానికీ రాయకూడదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు అల్యూమినియం మందులు వాడేముందు వైద్యుని అడగాలి.

చేతులను నీటిలో ఉంచి స్వల్ప విద్యుత్తు ప్రవహింపజేసే చికిత్స మరొకటి ఉంది. కుళాయి నీటితోనే పనిచేసే సులువైన పరికరాన్ని లెవిట్ అనే వైద్యుడు 1968లో వర్ణించాడు. అరచేతులకు ఇది బాగా గుణమిస్తుంది. అయితే దీనికి తగిన పరికరమే కావాలి. ఇంటి కరెంటుతో ఎవరూ సొంతంగా ప్రయత్నించరాదు, అది ప్రాణాంతకం. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ చికిత్స తగదు.

ఇంటివైద్యం ఎంత మంచిదైనా కొన్ని చెమటల జోలికి పోరాదు. రాత్రివేళ పక్కబట్టలు తడిసేలా చెమట పట్టి, సాయంత్రపు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం తోడైతే క్షయను శంకించాలి. గుండెదడ, చేతుల వణుకు, వేడిని ఓర్వలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునే మనిషికి హఠాత్తుగా చల్లని చెమట పడితే రక్తంలో చక్కెర పడిపోయిందేమో చూడాలి. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. ఛాతీనొప్పితో పట్టిన చెమటకు ఆసుపత్రి ఒక్కటే దారి. చెమట తగ్గుతుందన్న ఆశతో నీళ్లు తాగడం మానుకోవడమూ ప్రమాదమే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో మనిషిని వడదెబ్బనుంచి కాపాడేది ఒంటినిండా పట్టే ఆ చెమటే.

నెల రోజులు వాడినా గుణం లేకపోతే చర్మవైద్యుని చూడడం మేలు. బొటులినమ్ సూదిమందు చెమటను కొన్ని నెలలపాటు ఆపుతుంది. తీవ్రమైన చంక చెమటకు దానిని 2004లో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. నాడిని ఖండించే శస్త్రచికిత్స చేతులను పొడిబారుస్తుంది గాని, తరువాత వీపు, పొట్ట, తొడలు విపరీతంగా చెమర్చడం తరచు జరుగుతుంది. కనుక దానికి తొందరపడకూడదు. సూదిమందు వేసేముందు వైద్యులు 1928లో మైనర్ అనే నాడీవైద్యుడు వర్ణించిన పరీక్ష చేస్తారు. చర్మానికి అయొడిన్ పూసి, ఆరాక దానిమీద గంజిపొడి చల్లుతారు. కాసేపటికి చెమట ఊరే ప్రతిచోటా నీలినలుపు మచ్చలు తేలతాయి. సూది ఎక్కడెక్కడ గుచ్చాలో ఆ మచ్చలను బట్టి గుర్తు పెట్టుకుంటారు.