బీమా: ఉద్యోగమా, వృత్తా?

బీమా అనగానే మనలో చాలామందికి నవ్వొస్తుంది. ఏజెంటు వీధి మలుపు తిరిగాడని తెలియగానే పెరటి గుమ్మంలోంచి జారుకునే బాబాయిగారి కథ ప్రతి తెలుగింటిలోనూ వుంటుంది. అదే ఇంట్లో, ఆ బాబాయిగారికే జరగరానిది జరిగితే పిన్నిగారు బీరువా తెరిచి మొట్టమొదట వెదికేది ఆ బాండు కాగితమే. ఆ నవ్వుకూ ఆ వెదుకులాటకూ మధ్యనే బీమావాళ్ల బ్రతుకంతా వుంది. యీ రంగంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నదాన్ని గనుక, డిగ్రీ చేతబట్టుకుని బయటికి రాబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ దీని మంచిచెడ్డలు నాలుగు మాటల్లో చెబుతాను.

ముందు కాస్త చరిత్ర. బీమా మనవాళ్లకు కొత్తదేమీ కాదు. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా నెలకొల్పారు. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి ప్రభుత్వం జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేసింది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా కూడా జాతీయమై, 107 కంపెనీలు నాలుగయ్యాయి. మల్హోత్రా కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక, 1999 నాటి చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. యీ రంగాన్ని నియంత్రించే సంస్థ 2001లో ఢిల్లీ నుంచి మన హైదరాబాదుకు తరలివచ్చి, చాలాకాలం బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో వుండి, తర్వాత గచ్చిబౌలి వైపు వెళ్లింది. అంటే దేశంలోని బీమా కంపెనీలన్నింటికీ పెద్దదిక్కు మన ఊళ్లోనే వున్నదన్నమాట!

ఇక దారులు. అందరికీ తెలిసింది ఏజెన్సీ. పదో తరగతి ప్యాసై, పద్ధెనిమిదేళ్లు నిండి, శిక్షణ పొంది పరీక్ష గట్టెక్కితే చాలు. రెండవది ఆఫీసరు ఉద్యోగం. జీవిత బీమా సంస్థా, ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలూ పోటీ పరీక్షలు పెట్టి ఏ డిగ్రీవాళ్లనైనా తీసుకుంటాయి. మూడవది యాక్చువరీ. ఏ వయసువారికి ఎంత ప్రీమియం వేయాలో, కంపెనీ ఎంత నిల్వ వుంచాలో లెక్కగట్టే పని. గణితం, స్టాటిస్టిక్స్ ఇష్టమైనవాళ్లకు ఇంతకంటె మంచి దారి తక్కువ. కాకపోతే పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి, ఓపిక కావాలి. నాలుగవది సర్వేయరు. నిప్పంటుకున్న దుకాణానికో, గుద్దుకున్న లారీ దగ్గరికో వెళ్లి నష్టం ఇంతని తేల్చే లైసెన్సుదారు. ఇంజనీర్లకూ, అకౌంట్సు చదివినవాళ్లకూ ఇది బాగా నప్పుతుంది. ఏ దారిన వచ్చినా ముంబయిలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో పరీక్షలు ఒక్కొక్కటే పూర్తి చేసుకోవడం మంచిది. 2002లో మన హైదరాబాదులోనే బీమా చదువుల కోసం ఒక ప్రత్యేక సంస్థ కూడా వెలసింది. గదిలో చదువు సాగనివాళ్లకు సుల్తాన్ బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వుండనే వుంది.

పరీక్షలు ప్యాసైనంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. ఆ పని ఎలా వుంటుందో సుల్తాన్ బజారులోనే చూద్దాం. ఒక బట్టల షాపు వుందనుకోండి. సరుకు విలువ ఇరవై లక్షలు. సేటు ప్రీమియం కలిసొస్తుందని పది లక్షలకే ఫైర్ పాలసీ తీసుకున్నాడు. షార్ట్ సర్క్యూట్ అయి నాలుగు లక్షల సరుకు కాలిపోయింది. "పది లక్షల పాలసీ వుంది కదా, నాలుగు లక్షలూ ఇచ్చేస్తారు" అనుకుంటాడు. ఇవ్వరు! సగం విలువకే బీమా చేశాడు గనుక నష్టంలోనూ సగమే, రెండు లక్షలే వస్తుంది. దీన్నే యావరేజి క్లాజు అంటారు. దసరా ముందూ, పెళ్లిళ్ల రోజుల్లోనూ సరుకు రెట్టింపవుతుందని అందరికీ తెలుసు. "సేట్ సాబ్, సీజనులో స్టాకు ఎంత వుంటుంది?" అని పాలసీ రాసే రోజునే అడిగినవాడు బీమా తెలిసినవాడు. అడగనివాడు కాగితాలు అమ్మేవాడు.

ఇదే బజారులో ఇంకో చిక్కు వుంది. గాజుల నుంచి చీరల దాకా ఇక్కడ బేరమాడకుండా ఎవరూ కొనరు. ఆ అలవాటుకొద్దీ పాలసీకీ "మీ కమీషన్‌లో మాకెంత ఇస్తావమ్మా?" అని అడుగుతారు. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వడం నేరం. జరిమానా పది లక్షల రూపాయల వరకూ పడవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు టార్గెట్ తరుముతుంటే యీ గీత దాటుతారు. మొదటి ఏడు కమీషన్ ఘనంగా వుండి, ఆ తరవాత ఏటేటా సన్నగిల్లుతుంది గనుక, మొదటి కమీషన్‌లోనే వాటా పంచినవాడికి పాలసీని కాపాడుకునే ఆసక్తీ పోతుంది. పాలసీ ల్యాప్స్ అవుతుంది. అందుకే కంపెనీలు పదమూడో నెలలో ఎన్ని పాలసీలు బతికున్నాయి, అరవై ఒకటో నెలలో ఎన్ని మిగిలాయని లెక్క చూస్తాయి. దానికి పర్సిస్టెన్సీ అని పేరు.

అన్నింటికంటె బరువైన మాట ఇది. ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు "షుగరుంది బాబూ" అని పార్టీ చెబితే, "ఏం కాదులెండి అక్కయ్యా, లేదని రాసేద్దాం" అనేవాళ్లున్నారు. 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల తరవాత కంపెనీ దాన్ని ప్రశ్నించలేదు. కాని ఆ మూడేళ్ల లోపే మనిషి పోతే, దాచిన విషయం బయటపడి క్లెయిము నిలిచిపోవచ్చు. అప్పుడు ఆ ఏజెంటు కమీషన్ ఎప్పుడో ఖర్చయిపోయి వుంటుంది; గుమ్మంలో నిలబడేది మాత్రం ఆ ఇంటి ఇల్లాలు. ఆమె ముందు తలెత్తి నిలబడగలిగేలా ఆ ఫారం నింపారా లేదా అన్నదే యీ వృత్తిలో అసలు పరీక్ష. దానికి ఏ ఇన్‌స్టిట్యూటూ సర్టిఫికెట్టు ఇవ్వదు.

కాబట్టి మిత్రులారా, బంధువుల జాబితా రాసుకుని, పదిమందికి పాలసీలు కట్టబెట్టి, ఆరు నెలల్లో మానేసేందుకైతే ఇటు రాకండి. బంధుత్వమూ పోతుంది, వాళ్ల డబ్బూ పోతుంది. మూడు, నాలుగేళ్లు సంపాదన పలచగా వున్నా తట్టుకోగలిగి, చదువు మానకుండా, ఎదుటివాడు చెప్పేది శ్రద్ధగా వినే అలవాటుంటే మాత్రం తప్పక రండి. నెల తిరిగేసరికి జీతం ఇచ్చేది ఉద్యోగం. మనం చెప్పిన మాట పదేళ్ల తరవాత ఒక ఇంటి పొయ్యి ఆరకుండా నిలబెడితే, దాన్ని వృత్తి అంటారు. బీమాలో రెండూ దొరుకుతాయి. ఏది కావాలో ఎంచుకోవలసింది మీరే.