పరగడుపున ఉన్నామంటే పొట్ట ఖాళీ అయినట్టేనా?

రెండేళ్ల క్రితం మా ఖాలాకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆమెకు పద్దెనిమిదేళ్లుగా షుగర్. డాక్టర్లు చెప్పినట్టే ముందురోజు రాత్రి ఎనిమిదికి రెండు ఇడ్లీలు తిని, తర్వాత ఏమీ ముట్టలేదు. తెల్లవారి ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్లేముందు మత్తు డాక్టరుగారు ఆమె పొట్ట మీద చిన్న స్కానింగ్ చేసి, "లోపల ఇంకా ఆహారం ఉందమ్మా, ఈ రోజు వద్దు" అన్నారు.

"రాత్రి లేచి ఏం తిన్నావమ్మీ?" అని కొడుకు గద్దించాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె అబద్ధం ఆడలేదు. ఆ సంగతి ఆ డాక్టరుగారే మాకు విడమరిచి చెప్పారు. అప్పుడు తెలుసుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచుతున్నాను. ఎందుకంటే మనం సాయం చేసి ఆపరేషన్‌కు పంపే పేదల్లో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది.

మత్తు ఇచ్చినప్పుడు దగ్గు, మింగుడు వంటి శరీర రక్షణలు పనిచేయవు. పొట్టలో ఉన్నది పైకి తన్నుకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమ్లంతో కలిసిన ఆ ద్రవం ప్రాణాంతకం కావచ్చు. కర్టిస్ మెండెల్సన్ అనే అమెరికా వైద్యుడు మత్తులో కాన్పులు జరిగిన స్త్రీలలో ఈ ప్రమాదాన్ని గమనించి 1946లో వివరంగా రాశారు. ఆపరేషన్‌కు ముందు ఉపవాసం ఉంచడాన్ని అప్పటి నుంచి మరింత కట్టుదిట్టం చేశారు. ఇప్పుడు సాధారణంగా పాటించే లెక్క ఇది: నీళ్ల వంటి తేట పానీయాలకు 2 గంటలు, తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8 గంటలు లేదా అంతకంటే ఎక్కువ.

అయితే ఈ లెక్క పొట్ట మామూలుగా పనిచేసేవాళ్ల కోసం వేసినది. పొట్ట కండరాలను కదిలించేది వేగస్ అనే నరం. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కాళ్ల నరాలు మొద్దుబారినట్టే ఈ నరమూ దెబ్బతినవచ్చు. అప్పుడు ఆహారం కిందికి దిగకుండా గంటల తరబడి నిలిచిపోతుంది. ఆ సమయానికి రక్తంలో చక్కెర బాగా పెరిగి ఉన్నా పొట్ట మందగిస్తుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఉబ్బరం, ఎప్పుడో తిన్నది వాంతిలో రావడం దీని గుర్తులు. కొందరికి ఏ గుర్తూ ఉండదు. షుగర్ ఉన్న అందరికీ ఇలా అవుతుందనీ కాదు. ఎవరికి అయిందో చూస్తే గానీ తెలియదు. రోజా ఉండే అలవాటున్న మనకు ఆకలి వేస్తే పొట్ట ఖాళీ అని నమ్మకం. ఇక్కడ ఆ నమ్మకం చాలదు.

స్కానింగ్ చేసే పని ఇదే. రొమ్ము ఎముక కింద, కాలేయం పక్కన పొట్ట చివరి భాగం కనిపిస్తుంది. రోగిని ముందు వెల్లకిలా, తర్వాత కుడిపక్కకు తిప్పి చూస్తారు. పక్కకు తిరిగితే ద్రవం ఆ భాగంలోకి చేరుతుంది. ఖాళీ పొట్ట వలయాల మధ్య చిన్న చుక్కలా కనిపిస్తుంది. నీళ్లుంటే నల్లగా, ఆహారం ఉంటే మసక గాజులా ఉంటుంది. ద్రవం ఎంత ఉందో కొలిచి లెక్కకట్టే సూత్రాన్ని టొరంటోలో అనాహి పెర్లాస్ బృందం రూపొందించింది. కిలో బరువుకు 1.5 మిల్లీలీటర్ల లోపు తేట ద్రవం ఉంటే మామూలే. అంటే 60 కిలోల మనిషికి 90 మిల్లీలీటర్లు, ఒక చిన్న కప్పు టీ అంత. అంతకు మించినా, ఆహారం కనిపించినా వాయిదా వేస్తారు. ఆగలేని ఆపరేషన్ అయితే పొట్ట నిండుగా ఉన్నట్టే భావించి, త్వరగా శ్వాసనాళంలో గొట్టం వేయడం వంటి జాగ్రత్తలు తీసుకుంటారు. స్కానింగ్‌కు పట్టేది కొద్ది నిమిషాలే. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. కానీ నేర్చిన చెయ్యి కావాలి. పూర్వం పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లలో దీని ఫలితాన్ని అంతగా నమ్మలేం.

దాతలకు ఒక మాట. యంత్రం కొనివ్వాలని ఎవరికైనా అనిపిస్తే సంతోషమే. అయితే లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం ప్రకారం ఏ స్కానింగ్ యంత్రమైనా రిజిస్టరైన చోటే ఉండాలి. ఆసుపత్రివారితో ముందే మాట్లాడుకోవాలి. యంత్రంతో పాటు శిక్షణ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

ఖర్చు లేని సాయం కూడా ఉంది. మనం పంపే రోగికి మూడు సంగతులు చెబుదాం. షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, ఏ మందులు వాడుతున్నారో చెప్పాలి. ముఖ్యంగా సెమాగ్లుటైడ్ వంటి వారానికో ఇంజెక్షన్ పొట్టను మందగింపజేస్తుంది. చివరిగా ఏం తిన్నారో, ఎన్ని గంటలకో దాచకూడదు. వాయిదా పడుతుందని, కూలి పోతుందని భయపడి తాగిన టీని దాచేవాళ్లు ఉన్నారు. అందుకే వాయిదా పడిన రోజుకు కూలి, దారిఖర్చు మనమే ఇస్తామని ముందే చెబితే వాళ్లు నిజం చెప్పడానికి జంకరు.

మా ఖాలాకు షుగర్ అదుపు చేసి, ముందురోజంతా ద్రవాహారమే ఇచ్చి, మళ్లీ స్కానింగ్‌లో పొట్ట ఖాళీ అని చూశాకే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగుంది. "ఆ రోజు నా మాట ఎవరూ నమ్మలేదు" అని మాత్రం ఇప్పటికీ అంటూ ఉంటుంది.