బాస్కెట్‌బాల్ ఆటలో న్యాయనిర్ణేతలు

బాస్కెట్‌బాల్ పందెమును చూడబోవువారు సాధారణముగ ఆట మొదలగు వేళకు పోయి కూర్చుందురు. ఒక్కమారు 20 నిమిషములు ముందుగ పోయి చూడుడు. రెండు జట్లును చెరియొక బుట్ట క్రింద బంతులు విసరుచు ఒడలు వేడి చేసికొనుచుండును. స్కోరరు బల్లకు ఎదుటి ప్రక్కన, కోర్టు అంచున, నల్లని పంట్లాములు ధరించిన యిద్దరో ముగ్గురో ఊరక నిలిచియుందురు. వారు ఆటగాండ్రతో ముచ్చటలాడరు, బంతిని ముట్టరు. వారికింకను పని మొదలు కాలేదని చూపరులు తలంతురు. కాని అంతర్జాతీయ నియమావళి ననుసరించి వారి అధికారము అప్పటికే ఆరంభమైనది. ఆ 20 నిమిషములలో వారు కావించు పనిని బట్టియే, తరువాతి 40 నిమిషముల ఆటలో వారి మాట చెల్లునో చెల్లదో చాలవరకు తేలిపోవును.

ఈ ఆటకు ఒక్క కన్ను చాలదను సంగతి దీనిని కనిపెట్టిననాడే తెలిసినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల ఆడుకొనదగిన ఆట యొకటి కావలెనని, వ్యాయామశాల మేడవసారా అంచునకు పండ్ల బుట్టలు రెండు కొట్టించి, పదమూడు నియమములు వ్రాసెను. అందు ఇద్దరు న్యాయనిర్ణేతలకు పని పంచిపెట్టిన తీరు ముచ్చటైనది. అంపైరు మనుష్యులను చూడవలెను. రిఫరీ బంతిని చూడవలెను. ఎవరు ఎవరిని త్రోసినది, పట్టుకొన్నది అంపైరు గుర్తించును. బంతి ఎవరిది, గీత దాటినదా, బుట్టలో పడినదా, కాలమెంత మిగిలినది అనునవి రిఫరీ చెప్పును. బంతి వెంట పోవు చూపునకు బంతి లేని చేతులు చేయు కొంటెతనము కనబడదని నైస్మిత్ ఎరుగును. నేడు పంపకము మారినది. కోర్టులోని స్థలమును బట్టి ఎవరి భాగము వారు చూతురు. అయినను, బంతి తన భాగమున లేనివాడు బంతిని చూడరాదను మూలసూత్రము మాత్రము అట్లే నిలిచియున్నది. చూపరులందరు బంతినే చూచుచుండగా తానొక్కడు మరియొక వంకకు చూచుట అలవడుటకు కొన్ని యేండ్లు పట్టును.

స్ప్రింగ్‌ఫీల్డునకును మనకును ఒక చుట్టరికము కలదు. అచట చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అప్పుడు ఆంధ్ర జిల్లాలు మద్రాసులో చేరియుండుటచే, మన పాఠశాలల డ్రిల్లు మాస్టర్లు పలువురు అచట శిక్షణ పొంది వచ్చిరి. బంతితోపాటు ఈలను గూడ మన ఊళ్లకు తెచ్చినవారు వారే.

ఇక ఆటకు ముందటి పనులు. ఇవి కంటికి చిన్నవి. ముఖ్య రిఫరీ ఆతిథ్యమిచ్చు జట్టువారు చూపిన బంతులలో ఒకదానిని ఎన్నుకొనును. అదియును క్రొత్త బంతి కాదు, వాడిన బంతియే. క్రొత్త బంతి చేతికి జారును గదా! బుట్ట చట్రము నేలనుండి 3.05 మీటర్ల ఎత్తున నున్నదా, వల చిరిగియున్నదా, నేలపై తడి యున్నదా యని చూచును. ఏ గడియారము ప్రమాణమో, దాని గంట ఎట్లు మ్రోగునో బల్లవద్దివారితో కలిసి పరీక్షించును. ఇతరులకు గాయము చేయగల వస్తువులు ఆటగాండ్ర ఒంటిపై లేకుండ చూచుట గూడ ఆయన పనియే. మన పిల్లల చేతులకు కడియములుండును, మెడలలో తాయెత్తులుండును. తీయుమన్నచో ఇంటివారు నొచ్చుకొందురు. ఆటకు ముందు ప్రక్కకు పిలిచి మెల్లగ చెప్పినచో ఆ పిల్లవాడు తీసి తల్లిచేతి కిచ్చి వచ్చును. అదే మాట ఆట నడుమ, వేయిమంది యెదుట, ఈల వేసి చెప్పినచో అవమానమగును. మాట యొకటియే, వేళ వేరు.

ఈలోపల రెండవవారు స్కోరుషీటు వద్ద నుందురు. కోచ్ వ్రాసియిచ్చిన అంకెలు చొక్కాలపై అంకెలతో సరిపోయినవో లేదో చూచుకొనవలెను. ఆటకు 10 నిమిషములు ముందు కోచ్‌లు ఆ పట్టికను ధ్రువపరచి సంతకము చేసి, మొదట దిగు ఐదుగురిని గుర్తింతురు. ఒకప్పుడు అంతర్జాతీయ పోటీలలో చొక్కాలపై 4 మొదలు 15 వరకు గల అంకెలే ఉండెడివి. 1, 2, 3 వ్రేళ్లతో చూపు సంజ్ఞలు ఇతర విషయములకు వాడుచుండుటయే అందులకు కారణమని చెప్పుదురు. ఇప్పుడా కట్టుబాటు లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కోర్టుపైకి రాకముందే గదిలో జరుగు సంభాషణ. ఇద్దరు రిఫరీలున్నచో ఒకడు బుట్ట క్రింద ముందుండును, ఒకడు ఆటను వెంబడించుచు వెనుకనుండును. ఏ భాగము ఎవరిది? ఇద్దరును ఒక్కసారి ఈల వేసినచో ఎవరు ముందు సంజ్ఞ చూపవలెను? ఈ ప్రశ్నకు జవాబు ఆటలో వెదకికొన వీలులేదు. ఇద్దరును చేయి పైకెత్తి నిలిచి, ఒకరి కన్నులలోనికొకరు చూచుకొని, ఆట ఎవరి భాగమున జరిగెనో వారికి తీర్పును విడువవలెను. అట్లు గాక, ఒకడు బంతి గలవాని తప్పనియు, రెండవవాడు అడ్డుకొన్నవాని తప్పనియు చూపినచో, ఆ క్షణమున పోయిన గౌరవము ఆట ముగియులోపల తిరిగి రాదు. తన తన విధుల పరిధిలో ఒక రిఫరీ ఇచ్చిన తీర్పును మరియొక రిఫరీ త్రోసివేయరాదని నియమము. కావున ముందే మాటలాడుకొనుట తప్ప దారిలేదు.

అనుభవమున నేర్చిన పాఠ మొకటి చెప్పుదును. చాలయేండ్ల క్రిందట ఒక పోటీలో నేను అంపైరుగ నుంటిని. మేమిద్దరము ఆలస్యముగ చేరి, చేతులు కలుపుకొని, తిన్నగ కోర్టులోనికి దిగితిమి. ఆట కడపటి క్షణమున ఒక కుర్రవాడు బంతి విసరెను, గంట మ్రోగెను, బంతి బుట్టలో పడెను. నేను లెక్కకు వచ్చునని చూపితిని. నా సహచరుడు రాదని చేతులు ఊపెను. కడపటి విసరును వెనుకనుండువాడు చూడవలెనను వాడుక మాకిద్దరకును తెలియనిది కాదు, కాని దానిని గూర్చి మేము మాటలాడుకొనలేదు. గంట చప్పుడును గూడ ముందు వినియుండలేదు. ఆ సాయంకాలము మేము పోలీసువారి నడుమ బయటికి వచ్చితిమి. మా యిద్దరిలో ఎవరు సరిగ చూచిరో నేటికిని నేను చెప్పజాలను.

కోర్టుపై అధికారము కనబరచుటను గూర్చి పలువురకు అపోహ కలదు. కనుబొమలు ముడిచి, గొంతు పెంచి, వ్రేలు చూపి మాటలాడుటయే అధికారమని క్రొత్తవారు తలంతురు. నిజమునకు ఈల ఒక్కమారు గట్టిగ మ్రోగవలెను. నసుగు ఈల నమ్మకములేని మాట వంటిది. పలుమారులు ఊదినది కోపము వంటిది. ఫౌల్ అయినచో పిడికిలి బిగించిన చేయి తలపైకి లేవవలెను. ఇతర నియమభంగమైనచో అరచేయి తెరిచి లేవవలెను. పిమ్మట తొందరలేక బల్లవైపు నడిచి, ఆటగాని అంకె, తప్పు స్వభావము, దానికి శిక్ష వరుసగ చూపవలెను. ఆ నాలుగడుగుల నడకలోనే కోర్టు చల్లబడును. జట్టు నాయకుడు మర్యాదగ వచ్చి వివరమడుగవచ్చును, కాని బంతి ఆటలో లేనప్పుడు, గడియారము నిలిచియున్నప్పుడు మాత్రమే. అడిగినవానికి ఒక్క వాక్యములో జవాబు చెప్పిన రిఫరీపై ఎవరును కేకలు వేయరు. నాలుగు వాక్యములు చెప్పినవాడు వాదములోనికి దిగినట్లే.

ఆ ఈలయును ఒక్కొక్కప్పుడు మొండికెత్తును. పాత ఈలలలో చిన్న గింజ యుండెడిది. అది ఇరుక్కొన్నచో ధ్వని రాదు. కెనడా దేశపు రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ ఈ బాధ పడలేక గింజ లేని ఈలను చేయించెను. 1987లో ఇండియానాపొలిస్ నగరమున జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో అది వాడుకలోనికి వచ్చెను.

బల్లకును కోర్టునకును పొత్తు చెడినచో ఏమగునో లోకమంతయు చూచిన ఉదాహరణ 1972 మ్యూనిక్ ఒలింపిక్సు అంతిమ పందెము. అమెరికా, సోవియట్ జట్లు ఆడినవి. మూడు సెకండ్లు మిగిలియుండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్‌కు రెండు ఫ్రీత్రోలు లభించినవి. రెండవది విసరుచుండగనే బల్లవద్ద హారను మ్రోగెను. ఆయన రెండును బుట్టలో వేసెను. అమెరికాకు 50, సోవియట్లకు 49. తాము విరామము కోరితిమనియు అది లభింపలేదనియు సోవియట్ కోచ్‌లు బల్లపైకి వచ్చిరి. ఆట మొదలై ఒక సెకండు మిగిలియుండగా, ఆ గందరగోళమును చూచి బ్రెజిల్ రిఫరీ రెనాటో రిఘెటో ఆటను నిలిపెను. అప్పుడు అంతర్జాతీయ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ ప్రేక్షకులలోనుండి దిగివచ్చి, గడియారమును మూడు సెకండ్లకు త్రిప్పుడని వ్రేళ్లతో చూపెను. ఆట నడుమ అట్లు ఆజ్ఞాపించు అధికారము ఆయనకు నియమములలో లేదు. ఆ కాలము గడియారముపై సరిచేయుట ముగియకముందే ఆట సాగెను, హారను మ్రోగెను, అమెరికావారు గెలిచితిమని ఎగిరిరి. మరల ఆపి, మరల మూడు సెకండ్లిచ్చిరి. ఈమారు ఇవాన్ ఎదెష్కో కోర్టు ఈ చివరనుండి ఆ చివరకు విసరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేసెను. సోవియట్లు 51, అమెరికా 50.

అమెరికావారి ఫిర్యాదును ఐదుగురు సభ్యుల సంఘము ముగ్గురు ఒకవంక, ఇద్దరొకవంకగ త్రోసివేసెను. ఆ ముగింపు నియమవిరుద్ధమని రిఘెటోయే అభిప్రాయపడెను. అమెరికా ఆటగాండ్రు వెండి పతకములు స్వీకరింపలేదు. వారు ఓడిన మూడు సెకండ్లలో రిఫరీ ఈల చక్కగనే మ్రోగినది. విరామము ఎవరడిగిరి, ఎప్పుడడిగిరి, హారను ఎందులకు మ్రోగెను, గడియారముపై కాలమెంత అను నాలుగు సంగతులు మాత్రము బల్లనుండి ఆయన చెవికి నిలుకడగ చేరలేదు.

నేడు పెద్ద పోటీలలో చివరి క్షణముల విసరులను తెరపై మరల చూచి నిర్ణయించు యంత్రములు వచ్చినవి. వానిని గూడ ముఖ్య రిఫరీ ఆటకు ముందే పరీక్షించి ఆమోదించి, అవి కలవని ఇరుజట్ల కోచ్‌లకు తెలుపవలెను.