మాయాబందర్ వానల్లో మొరాయించే మోపెడ్: తప్పు గాలిదా, నీటిదా?

బండి స్టార్ట్ అవుతుంది. స్లోలో బాగానే ఆడుతుంది. రోడ్డెక్కి యాక్సిలరేటర్ తిప్పగానే నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే తంతు. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 కాలం నుంచీ మోపెడ్ నడిపిన ఇళ్లలో ఈ బాధ తెలియని వారు అరుదు.

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలోని మాయాబందర్ లాంటి చోట ఈ ఇబ్బందికి అవకాశం ఇంకా ఎక్కువ. చుట్టూ సముద్రం. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. ఏడాదికి కురిసే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి ఏ విడిభాగమైనా తెప్పించుకోవాలంటే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద 200 కిలోమీటర్లకు పైగా దూరం. కాబట్టి కార్బ్యురేటర్ మార్చేసే ముందు దాని లోపల ఏం జరుగుతోందో ఒకసారి ఆలోచించడం మంచిది.

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోల్‌కు 9 వేల లీటర్లకు పైగా గాలి పడుతుంది. ఈ పాళ్లను కలిపేది కార్బ్యురేటర్. ఇంజన్‌లోకి పోయే గాలి దీని గొంతు దగ్గర ఇరుకు దారిలో వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. కింద చిన్న గిన్నెలో, అంటే ఫ్లోట్ బౌల్‌లో ఉన్న పెట్రోల్ మీద మాత్రం మామూలు వాతావరణ పీడనమే ఉంటుంది. ఆ తేడా వల్ల పెట్రోల్ జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగజిమ్ముతుంది. కాలేజీలో బెర్నౌలీ సూత్రాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు, ఒక్కసారీ మోపెడ్ ప్రస్తావన రాలేదు!

ఇంజన్ పెట్రోల్‌ను పీల్చడం లేదు, వాతావరణమే నెడుతోంది. ఇది గుర్తుంటే ఒక లోపం వెంటనే దొరుకుతుంది. ట్యాంకు మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితోనో తుప్పుతోనో మూసుకుపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం పడిపోతుంది, కిందికి ధార ఆగుతుంది. బండి కొంత దూరం బాగా నడిచి ఆగిపోతే, మూత తీయగానే ‘స్స్’ మని చప్పుడు వచ్చి మళ్లీ నడిస్తే, కార్బ్యురేటర్‌ను విప్పక్కర్లేదు.

మరో సులువైన పరీక్ష చోక్. ఇంజన్ వేడెక్కాక బండి దగ్గుతున్నప్పుడు చోక్ కొంచెం వేయండి. చోక్ గాలిని తగ్గిస్తుంది. బండి సర్దుకుంటే పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఇంకా ముక్కుతూ మూలిగితే పెట్రోల్ ఎక్కువవుతోందని అర్థం. ప్లగ్ కూడా ఇదే చెబుతుంది. కాఫీ రంగులో ఉంటే సరిగా ఉన్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

వానాకాలంలో ఎక్కువమంది గాలిలోని తేమను తిడతారు. లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర గాలి ఎంత తేమగా ఉన్నా అందులో నీటి ఆవిరి వాటా మహా అయితే సుమారు 4 శాతం. ఆక్సిజన్ కూడా ఆ మేరకే తగ్గుతుంది. ఆ మాత్రానికి ఇంజన్ ఆగిపోదు. రాత్రి చల్లబడ్డప్పుడు ట్యాంకులో పట్టే చెమ్మ కూడా తక్కువే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో 3 లీటర్ల గాలి ఉండి, 30 డిగ్రీల నుంచి 25కు దిగితే వచ్చేది 0.02 గ్రాములు, అర చుక్క కూడా కాదు. మూత రబ్బరు పాడై లోపలికి జారే వాన నీరు, డబ్బాల్లో సీసాల్లో తెచ్చిపోసే పెట్రోల్ వెంట వచ్చే నీరు, ఇవే అసలు దొంగలు.

చుక్క చాలు. లీటరు పెట్రోల్ బరువు సుమారు 740 గ్రాములు, నీరు వెయ్యి గ్రాములు. కాబట్టి నీరు బౌల్ అడుగుకు చేరుతుంది. మెయిన్ జెట్ ఉండేదీ అక్కడే. పైగా నీటి తలతన్యత పెట్రోల్ కంటే మూడు రెట్లు ఎక్కువ. మిల్లీమీటరు కంటే సన్నని రంధ్రంలో నీటి చుక్క బిరడాలా కూర్చుంటుంది. చాలా కార్బ్యురేటర్లలో స్లోకు వేరే దారి ఉంటుంది కాబట్టి అప్పుడు ఇంజన్ ఆడుతుంది, యాక్సిలరేటర్ తిప్పితే ఆగుతుంది. మొదట్లో చెప్పిన దగ్గుకు ఒక కారణం ఇదే.

నిర్ధారించుకోవడానికి చల్లారిన బండి పెట్రోల్ కాక్ కట్టేసి, బౌల్ కింది స్క్రూ విప్పి, వచ్చిన పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టండి. నీరుంటే అడుగున పూసల్లా కనిపిస్తుంది. ఆరుబయట చేయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పాకి దూరంలో ఉన్న పొయ్యిని అందుకోగలదు.

నీరు లేకపోతే జిగురు అనుకోవాలి. వారాల తరబడి నిలిపిన బండిలో తేలిక భాగం ఆవిరైపోయి, టూ స్ట్రోక్ ఆయిల్, బంక మిగులుతాయి. జెట్ విప్పి క్లీనర్‌తో కడిగి గాలి కొట్టాలి. చాలామంది సన్నని తీగ పెట్టి పొడుస్తారు, అదే తప్పు. జెట్ మెత్తని ఇత్తడి. 0.70 మిల్లీమీటర్ల రంధ్రం 0.75 అయితే వైశాల్యం దాదాపు 15 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత బండి ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది. ఓవర్‌ఫ్లో అవుతుంటే మాత్రం జెట్‌ను వదిలి ఫ్లోట్ చూడండి. చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ చప్పుడైతే అది చిల్లుపడ్డట్టే. చప్పుడు లేకపోతే సూది వాల్వ్ కింద ఇసుక రేణువు ఇరుక్కుందేమో చూడాలి.

పెట్రోల్ ఎక్కువైతే పోయేది డబ్బు. తక్కువైతే పోయేది ఇంజన్. పాత టూ స్ట్రోక్ మోపెడ్‌లో ఆయిల్ పెట్రోల్‌తోనే కలిసి వస్తుంది. జెట్ సగం మూసుకుపోయినా, కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు పగిలి అదనపు గాలి దూరినా, ఇంజన్ వేడెక్కుతుంది, ఆయిల్ వాటా కూడా తగ్గిపోతుంది. ఎత్తు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో పిస్టన్ పట్టేసేది ఇలాగే. అందుకే ‘చోక్ వేసి నడిపేద్దాం’ అని నెలల తరబడి లాగించడం ప్రమాదం.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ పథకాన్ని 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. శ్రీకాకుళం, కాకినాడ తీరాల్లో బండి నడిపేవారికి ఆ మినహాయింపు లేదు. ఇథనాల్ కొంత నీటిని తనలో దాచుకుంటుంది. అది మంచిదే. మోతాదు మించితే మాత్రం ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున పొరగా చేరతాయి. ఆ పొరలో ఆయిల్ దాదాపు ఉండదు. జెట్ లాగేది దాన్నే.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలతో కొత్త మోపెడ్‌లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పాతవి ఇంకా తిరుగుతున్నాయి. మీ బండి కూడా అలాంటిదైతే, వాన రోజుల్లో కొన్ని వారాలు నిలిపే ముందు కాక్ కట్టేసి, బౌల్‌లో ఉన్నది అయిపోయి ఇంజన్ తనంతట తానే ఆగేదాకా స్లోలో నడవనివ్వండి. మళ్లీ తీసే రోజున ముందు ఆ కింది స్క్రూ విప్పి గాజు సీసాలో చూడండి.