గుంటూరు డాక్టరమ్మ యుత్తరములు

సొంతమనునది యేదియు నుంచుకొనమని వ్రతము పట్టినవారి వస్తువులతోఁ బ్రదర్శనశాల నెట్లు నింపవచ్చును? కాథలిక్ కన్యాస్త్రీల జ్ఞాపకములను భద్రపఱుపఁ బూనినవారికి మొదట నెదురగు చిక్కిదియే. నగలు లేవు, పట్టుబట్టలు లేవు. పూర్వము దీక్షతోఁ బుట్టింటి పేరు గూడ సాధారణముగా మాఱిపోయెడిది. మిగులునవి యుత్తరములు, ఛాయాపటములు, కొన్ని గ్రంథములు.

ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమునఁ గాథలిక్ స్త్రీల సమాజమువారు డాక్టర్ మేరీ గ్లౌరీ పేర నట్టి ప్రదర్శనశాల నొకదాని నేర్పఱచిరి. ఈమె మనకుఁ బరాయిది కాదు. 1887లో విక్టోరియా రాష్ట్రమునఁ బుట్టి, 1910లో వైద్యపట్టమంది, మెల్బోర్నులో నేత్రవైద్యురాలయ్యెను. ఆ సమాజము 1916లో వేఱొక పేరఁ బుట్టినపుడు మొదటి యధ్యక్షురాలు నామెయే.

ఒకనాఁడు చేతఁబడిన చిన్న పుస్తక మామె బ్రదుకు దారి మార్చినది. స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్‌ను గూర్చిన పుస్తకమది. పురుషవైద్యుని యెదుటికి రాలేక హిందూదేశమునఁ దల్లులును బిడ్డలును మరణించుచున్నారని యందుఁ జదివి, 1920 జనవరిలో నోడ యెక్కెను. ఫిబ్రవరిలో గుంటూరు చేరి, హాలండు కన్యాస్త్రీల జీసస్ మేరీ జోసెఫ్ సభలోఁ గలిసెను. మఠస్త్రీలు వైద్యవృత్తి, విశేషించి ప్రసవచికిత్స, చేయరాదని యప్పటి చర్చి నియమము. పోపు ప్రత్యేకానుమతి నొసఁగినఁగాని యామెకు వీలుపడలేదు. ఆ నియమ మందఱకును సడలినది 1936లో! కాన్పునొప్పులు మాత్రము పదునాఱేండ్లాగునా?

గుంటూరున సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిని బెంచి, మన పడుచులకు నర్సుపని, మంత్రసానిపని, మందులు కలుపుట నేర్పించెను. 1943లో నామె స్థాపించిన కాథలిక్ ఆసుపత్రుల సంఘమునకుఁ బ్రధాన కార్యాలయ మిపుడు సికిందరాబాదున నున్నది. 1957లో బెంగుళూరునఁ గన్నుమూసెను.

ఆమె యింటివారికి వ్రాసిన యుత్తరములు నిలిచినవన్న, వానిని బాఱవేయక దాఁచినవారి చలువయే. ఇంటి పెట్టెలు దులుపు మనమీ సంగతి మఱువరాదు. కాని యుత్తరములలో నొకవైపు మాటయే యుండును. చికిత్సపొందిన మన స్త్రీలలోఁ బలువురు వ్రాయనేర్చినవారు కారు; వారేమనుకొనిరో, ఆ తెల్లదొరసానిని జూచి మొదట జంకిరో, నవ్విరో, యది సముద్రము దాటి పోలేదు. ఆ మాట దొరకవలెనన్న మన యిండ్లలోనే దొరకవలెను. మీ అత్తగారో అమ్మమ్మగారో యా యాసుపత్రిలోఁ బుట్టియుండవచ్చును. ఆ కాన్పు కథ విన్నవారున్నచో, ఊరు, సంవత్సరము వేసి వ్రాసియుంచుఁడు. పాత ఛాయాపటము దొరకినచో, వెనుక పెన్సిలుతో నందలివారి పేళ్లు వ్రాయుఁడు; కన్యాస్త్రీ యున్నచో, తెలిసినంతవఱకు రెండు పేళ్లును.