తలకు తగిలింది చిన్న దెబ్బే అయినా.. మెదడు చుట్టూ రక్తం చేరొచ్చు

నానీ బాత్రూమ్‌లో జారిపడతారు. తలకు చిన్న బొప్పి, అంతే. రక్తం రాదు, స్పృహ తప్పదు. ఇంట్లో అందరూ మర్చిపోతారు. రెండు మూడు వారాలకు ఆమె నడకలో తూలడం, మాట తడబడడం, పగలంతా మగతగా ఉండడం మొదలవుతుంది. 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకుంటారు. అసలు పొరపాటు ఇక్కడే.

వయసుతోపాటు మెదడు కొంత కుంచించుకుపోతుంది. దాంతో మెదడు నుంచి పైపొరకు వెళ్లే సన్నని సిరలు సాగుతాయి. చిన్న కుదుపుకే అవి తెగి, రక్తం మెల్లమెల్లగా చేరుతుంది. డాక్టర్లు దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. అలాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు, అది ఇంకో ప్రమాదం.

సీటీ స్కాన్‌లో విషయం తెలిసిపోతుంది. అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసేస్తారు, చాలామంది కోలుకుంటారు. డాక్టర్‌కు ఆ పాత దెబ్బ సంగతి తప్పక చెప్పాలి. చెప్పకపోతే ఆయనా వయసు ప్రభావమే అనుకోవచ్చు.

ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగుపడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, మూర్ఛ వచ్చినా, ఒకవైపు చెయ్యి, కాలు పడిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.